సన్నం, ముతక: కృష్ణా డెల్టాలో ఒక విశేషణం చరిత్ర

ఇంగ్లీషులో ‘ఫైన్’ అనే విశేషణానికి తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టడం సాధ్యం కాదు. బంగారం విషయంలో అది మేలిమి, నూలు విషయంలో సన్నం, పిండి విషయంలో మెత్తన, పనితనం విషయంలో నాజూకు, సరుకు విషయంలో నాణ్యం, యోగక్షేమాలు అడిగినప్పుడు బాగు. ముగింపు, హద్దు అనే అర్థాలున్న ‘ఫీనిస్’ అనే లాటిన్ పదం నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటకు తుదిమెరుగు దిద్దుకున్నది అనే భావం మూలంలోనే ఉంది కనుక, మెచ్చుకోలు దానికి పుట్టుకతో అబ్బింది. న్యాయస్థానం విధించే జరిమానాను ‘ఫైను’ అనడం కూడా, వ్యవహారాన్ని ముగించే సొమ్ము అన్న అర్థంలో, ఆ మూలం నుంచి వచ్చినదే. తెలుగు ‘సన్న’ స్వభావం వేరు. అది కొలతను చెప్పే మాట. కన్నడంలో ‘సణ్ణ’ అంటే చిన్న అనే అర్థం. సన్నజాజి అన్నా, రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవారిని సన్నకారు రైతు అన్నా అందులో పొగడ్త లేదు. ఆశ సన్నగిల్లింది అన్నప్పుడైతే చెప్పేది నష్టాన్నే. కొలతను మాత్రమే చెప్పిన ఈ మాట విలువను కూడా చెప్పే మాటగా ఎలా మారిందో తెలుసుకోవాలంటే కృష్ణా డెల్టాలో మొదట మగ్గాన్ని, తర్వాత వరిచేనును చూడాలి.

డెల్టా దక్షిణపు అంచున ఉన్న మోటుపల్లి రేవులో సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. అదే శతాబ్దం చివరలో ఈ తీరాన్ని గురించి చెప్పిన మార్కో పోలో ఇక్కడి వస్త్రాన్ని సాలెగూటితో పోల్చాడు. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం ప్రధానమైన రేవు అయింది; 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడికి చేరి బట్టల కొనుగోలు మొదలుపెట్టారు. నేతగాడికి సన్నం అనేది అంకెలతో తేలే సంగతి. పడుగులోని 120 పోగులను ఒక ‘పుంజం’ అంటారు కనుక, పద్నాలుగు పుంజాల బట్ట అంటే 1,680 పోగుల పడుగు అని అర్థం; బట్ట వెడల్పు మారకుండా పుంజాలు పెరిగిన కొద్దీ నూలు సన్నబడాలి, వడికే చేతికీ నేసే కంటికీ శ్రమ పెరగాలి. కొనుగోలుదారు మాత్రం అదే బట్టను ఆర్డినరీ, మిడ్లింగ్, ఫైన్, సూపర్‌ఫైన్ అనే తరగతులుగా విడదీసి, గిడ్డంగిలో మడత విప్పి చూసి, ఏ తాను ఏ తరగతిదో తానే నిర్ణయించి, దానిని బట్టి ధర తగ్గించేవాడు, లేదా తిప్పి పంపేవాడు. నేతగాడు లెక్కపెట్టి చెప్పగలిగిన సన్నం, కొనేవాడు ఒప్పుకుంటేనే నిలిచే సన్నం అయింది. డెల్టాలో ఈ మాట చరిత్రకు అసలైన మలుపు ఇదేనని చెప్పాలి. 19వ శతాబ్దంలో మిల్లు నూలు, మిల్లు బట్ట వచ్చి పడిన తర్వాత ఆ కాస్త బేరమాడే బలం కూడా నేతగాడికి మిగలలేదు.

సన్నానికి ఎదురుమాట అయిన ‘ముతక’కు గౌరవం దక్కిన సందర్భం కూడా ఇక్కడిదే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరిగేలా చేయాలని తీర్మానించింది. గాంధీజీకి పింగళి వెంకయ్య జెండా నమూనాను అందించినది కూడా ఆ సందర్భంలోనే. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన ఆయనను పత్తి సాగుపై చేసిన కృషి వల్ల పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవారు. కొత్తగా రాట్నం పట్టిన చేతికి సన్ననూలు రాదు. తెగుతూ అతుకుతూ వచ్చిన ఆ ముతక నూలుతో నేసిన ఖద్దరును విద్యావంతులు కోరి కట్టుకున్నారు. వస్త్రం విలువను పోగుల లెక్కతో గాక వడికిన చేతిని బట్టి కట్టిన ఆ కొద్ది ఏళ్లు ఈ రెండు మాటల చరిత్రలో చాలా గొప్పవి.

మగ్గం వెనుకబడే కాలానికే సన్నం అనే మాటకు మరో ఆశ్రయం సిద్ధమవుతూ వచ్చింది. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్టిన ఆనకట్ట 1855లో పూర్తయి, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి, తూర్పు, పశ్చిమ డెల్టాలలో సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందడంతో వరి ఇక్కడి జీవనాధారమైంది. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, అట్రగడ వంటి కోస్తా రకాల పేర్లు ఒకనాడు గింజ తీరును తమంతట తామే చెప్పేవి. ప్రభుత్వ సేకరణ, మిల్లు బేరం వచ్చాక ఆ పేర్ల స్థానాన్ని తరగతులు ఆక్రమించాయి. వరి శాస్త్రంలో గింజ సన్నదనం పొడవుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి. పొడవు ఆరు మిల్లీమీటర్ల లోపు ఉండి, అది వెడల్పుకు రెండున్నర నుంచి మూడు రెట్ల మధ్య ఉంటే ఆ గింజను మధ్యస్థ సన్నం అంటారు. పశ్చిమ డెల్టాలోని బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబమసూరి, ఈ కోవకు చెందినది. కోయంబత్తూరులో ఎంపికైన జి.ఇ.బి. 24, తైవాన్ పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి దీని వంశంలో ఉన్నాయి. అగ్గితెగులుకు తట్టుకోలేకపోయినా, దాదాపు ఐదు నెలలు పొలంలో నిలబడవలసి వచ్చినా రైతులు దీనిని వదలలేదంటే, అందుకు కారణం అన్నం తినేవారి నాలుకే.

ఇదే కాలంలో 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం పథకం లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. అది చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయితే చౌకదుకాణంలో దొరికేది ఎక్కువగా లావు గింజ కావడంతో ‘కోటా బియ్యం’ అనే మాట ‘లావు బియ్యం’కు పర్యాయపదమై, ఏ ఇంట ఏ గింజ ఉడుకుతుందో చెప్పే గుర్తుగా మారింది. పెళ్లి భోజనంలో సన్నబియ్యం వండడం మర్యాద అనిపించుకున్నది ఈ తేడా వల్లనే. ఆ గీతను చెరపడానికే తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నాడు రేషను కార్డుల మీద సన్నబియ్యం పంపిణీని ప్రారంభించింది.

ఇప్పుడు డెల్టా రైతు ‘ఈ ఏడు సన్నాలు వేశాం’ అన్నప్పుడు విత్తనం పేరు అడగవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. గింజను వర్ణించిన విశేషణం బహువచనం కూడా తగిలించుకుని గింజకే పేరైంది. ఇంగ్లీషు ‘ఫైన్’ మాత్రం తన పక్కన వస్త్రమో బియ్యమో బంగారమో లేనిదే సరుకు పేరుగా నిలబడదు.