అంగిటి పోగు, మసూడే రఫూ

ఖరీదైన శాలువాకు చిల్లు పడితే రఫూగర్ బయటి దారం వెతకడు. అదే గుడ్డ అంచులో, కనపడని చోట నుంచి పోగు లాగి చిల్లు పూడుస్తాడు. ఇరానీ కారీగర్ల వారసులు తివాచీలు నేసిన ఏలూరులో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చిగుళ్లు జారి పళ్ల వేళ్లు బయటపడిన మరీజ్‌కు డాక్టర్ చేసేదీ రఫూయే. తాలూ, అంటే అంగిలి నుంచి పలచటి పొర తీసి మసూడేకు కుడతాడు. ‘మరి అంగిటి జఖ్మ్ మానేదెట్లా?’ అనే భయంతో ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లు మనలో ఉన్నారు. ఆ సవాలుకు జవాబు తారీఖ్‌లోనే ఉంది.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అందలూస్‌లోని ఖుర్తుబా దగ్గర అబుల్ ఖాసిం అల్-జహ్రావీ ‘అల్-తస్రీఫ్’ రాశారు. 30 మఖాలాల ఆ కితాబులో ఆఖరిది జర్రాహీ గురించి. పళ్ల గార మసూడేలను చెడగొడుతుందని చెప్పి, దాన్ని గీకే పనిముట్ల బొమ్మలు గీశారు. కదిలే పళ్లను బంగారు తీగతో కట్టడం నేర్పారు. పోయిన చిగురును తిరిగి తేవడం మాత్రం ఆ జమానాలో లేదు.

మన దేశంలో మొదటి దంతవైద్య కాలేజీని 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టారు. అలీగఢ్‌లో చదివి, అమెరికాలోని అయోవాలో ఈ హునర్ నేర్చుకొచ్చిన మనిషి. ఆ సిల్సిలా ఇవాళ ఏలూరు పక్కన దుగ్గిరాల డెంటల్ కాలేజీ దాకా వచ్చింది.

అంగిటి పొర అతికించే పద్ధతి 1960లలో మొదలైంది. 1968లో సలివాన్, అట్కిన్స్ దాని ఉసూల్ రాశారు. పొర మందం మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. తీసిన చోట పచ్చిపుండు మిగులుతుంది. అంచుల నుంచి కొత్త పొర లోపలికి పాకి రెండు నుంచి నాలుగు వారాల్లో మూసేస్తుంది. నోట్లో రక్తప్రసరణ ఎక్కువ, లాలాజలం తడి ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆ వేగం. 1985లో బర్టన్ లాంగర్, లారీన్ లాంగర్ లోపలి కణజాలం వాడే తరీఖా ప్రచురించారు. తర్వాతి పద్ధతుల్లో పైపొరను తలుపులా ఎత్తి, లోపలిది తీసి, తలుపు మూసి కుడుతున్నారు. తకలీఫ్ తగ్గింది. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ చెప్పినట్టు మరీజ్ రక్తాన్నే యంత్రంలో తిప్పి తీసిన తెరను పుండు మీద కప్పడం కూడా ఉంది.

మిగతాది మరీజ్ సబర్. మొదటి రోజు గట్టిగా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. రక్తం కారితే తడిపిన గాజుగుడ్డతో కదలకుండా అదిమి పట్టాలి, ఆగకపోతే డాక్టర్ దగ్గరికి పోవాలి. కొల్లేటి కొర్రమీను పులుసు ఎంత నోరూరించినా కారం, ముళ్లు రెండు వారాలు దూరం. చుట్ట, బీడీ రక్తనాళాలను బిగించి మానడాన్ని వెనక్కి నెడతాయి.

రఫూగర్ లాగిన పోగు అంచులోకి తిరిగి రాదు. అంగిలి అలా కాదు, ఇచ్చిన పోగును తనే మళ్లీ నేసుకుంటుంది. జరూరత్ పడితే కొన్ని నెలల తర్వాత అదే చోటు నుంచి మళ్లీ తీయొచ్చు. భయపడాల్సింది అంగిటి జఖ్మ్‌కు కాదు, జారే చిగురును చూస్తూ కూర్చోవడానికి.