కలవని రెండు పత్తులు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వడికిన నూలు నూరో నంబరు దాటేది. ఆ నూలుతో నేసిన బట్ట సంగతేమిటో చూసి రమ్మని గాంధీజీ 1920ల్లో తన కొడుకు దేవదాసును అక్కడికి పంపారు. మా మేనత్త ఆ ఊరి కోడలు. వాలుగ చేప దవడ ఎముకతో ఆమె దూదిని గింజ మీద ఉండగానే దువ్వేది. ఆ సన్నటి పళ్లకు నుసి, ఎండాకు ముక్కలు చిక్కుకుని, పోగులన్నీ ఒకే వైపుకు వాలేవి. ఆ తరవాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచడం. ఆమె చేతిలో ఉన్నది మన నాటుపత్తి. వృక్షశాస్త్రంలో దాని పేరు గాసిపియం ఆర్బోరియం. ఆ శాస్త్రమే చదివి, అదే పాఠం చెప్పి రిటైరైన నాకు, ఒక జాతి ఇంకో జాతికి ఎలా పరాయిదవుతుందో చెప్పడానికి పత్తిని మించిన కథ దొరకలేదు.

మన ఉపఖండంలో పత్తి వయసు చాలా పెద్దది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో సుమారు 8 వేల ఏళ్ల నాటి రాగి పూసలో పత్తి దారం దొరికింది. మెక్సికో, పెరూ ప్రజలు మనతో ఏ సంబంధమూ లేకుండా తమ పత్తిని తాము సాగులోకి తెచ్చుకున్నారు. మన నాటుపత్తిలో క్రోమోజోములు 26, వాళ్ల పత్తిలో 52. సుమారు 10 నుంచి 20 లక్షల ఏళ్ల కిందట, మన పత్తికి చుట్టమైన ఒక మొక్క సముద్రం దాటి అమెరికా చేరి, అక్కడి అడవి పత్తితో కలిసింది. ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపై కొత్త జాతి పుట్టింది.

1940లో బీస్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగంతో బలపరిచాడు. ఆర్బోరియాన్ని అమెరికా అడవి పత్తితో సంకరం చేస్తే వచ్చిన మొక్క గొడ్డుబోయింది. కోల్చిసిన్ మందుతో దాని క్రోమోజోములను రెట్టింపు చేస్తే అది ఫలవంతమై, అమెరికన్ సాగు పత్తితో కలిసింది. ఆ ప్రయోగంలో ఒక తల్లివేరు మన నాటుపత్తిదే.

అమెరికన్ పత్తి మన పొలాల్లోకి రావడం ఈస్టిండియా కంపెనీ పాలనలో ఊపందుకుంది. లాంకషైర్ మిల్లులకు పొడుగు పింజ కావాలి. అందుకని 1840లో కంపెనీ అమెరికా నుంచి పత్తి సాగుదారులను రప్పించింది. కోయంబత్తూరు పొలాల్లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ ఆ పత్తిని పండించి చూశాడు. ధార్వాడలో అది నిలదొక్కుకుంది. వెంటనే వర్తకులు దాంట్లో నాటు దూది కలపసాగారు. కల్తీ ఎంత ముదిరిందంటే, 1863లో బొంబాయి ప్రభుత్వం దాని మీద చట్టమే చేయాల్సి వచ్చింది. బేళ్లలో అంతగా కలిసిపోయిన ఆ రెండు పత్తులూ చేలో మాత్రం కలవలేదు.

ఎందుకు కలవవో విద్యార్థులకు చేసి చూపించేవాణ్ని. సాయంత్రం నాటుపత్తి మొగ్గను విప్పి, కేసరాలు గిల్లేసి, కాగితం సంచి కట్టేవాళ్లం. పొద్దున్నే అమెరికన్ పువ్వు పుప్పొడి రాసేవాళ్లం. కొద్ది రోజులకే పిందె రాలిపోయేది. అరుదుగా గింజ కట్టి మొలిచినా, ఆ మొక్కకు అటునుంచి 26, ఇటునుంచి 13, మొత్తం 39 క్రోమోజోములు వస్తాయి. జత దొరకనివి మిగిలిపోవడం వల్ల సరైన పుప్పొడీ తయారు కాదు, సరైన అండాలూ తయారు కావు. వంశం అక్కడితో ఆగిపోతుంది.

ఈ అడ్డుగోడ అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉండదు. మన దేశంలోనే సాగయ్యే హెర్బేసియం అనే పత్తికీ క్రోమోజోములు 26. ఆర్బోరియంతో అది కలిస్తే మొదటి తరం ఏపుగానే పెరుగుతుంది, రెండో తరంలో నీరసపు మొక్కలు బయటపడతాయి. ఆ రెండింటి మధ్య గోడ ఇంకా లేస్తూనే ఉంది. కొత్త జాతి ఒక్కోసారి ఒక్క దెబ్బతో వేరుపడుతుంది, ఒక్కోసారి మెల్లమెల్లగా దూరం జరుగుతుంది. పత్తిలో రెండు దారులూ కనిపిస్తాయి.

దేశ విభజనతో అమెరికన్ పత్తి పండే పంజాబు, సింధు భూములు చాలావరకు పాకిస్తాన్‌కు పోయాయి, మిల్లులు ఎక్కువగా మనకు మిగిలాయి. దాంతో నాటుపత్తిని పక్కకు నెట్టి అమెరికన్ పత్తి సాగు పెంచారు. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ అమెరికన్ పత్తిలోనే హెచ్-4 హైబ్రిడ్ తెచ్చారు. 2002లో అదే జాతిలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇవాళ గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా నల్లరేగడిలో కనిపించేది దాదాపు అంతా అమెరికన్ పత్తే.

ఇంత జరిగినా నాటుపత్తి జాతి చెడలేదు. పక్క చేలోంచి తేనెటీగ మోసుకొచ్చిన బీటీ పుప్పొడి దాని వంశంలోకి చొరబడలేదు. లక్షల ఏళ్ల నాడు పడిన అడ్డుగోడే దాన్ని కాపాడింది. విత్తనం వేయడం మానేస్తే మాత్రం ఏ గోడా కాపాడలేదు. అందుకే శ్రీకాకుళం రైతులను వేడుకుంటున్నాను: చెలకలో ఒక చెక్కయినా నాటుపత్తికి ఉంచండి, దాని గింజను మిల్లుకు పంపకుండా విడిగా తీసి దాచండి. పొందూరు బట్ట కొనేవాళ్లు కూడా అది ఏ పత్తితో నేసిందో అడిగి కొనండి. నాటుపత్తిదైతే రెండు రూపాయలు ఎక్కువైనా బేరమాడకండి.