పూర్వగ్రంథములలో ఓరుగల్లు

సముద్రమునకు దూరముగా, మహానది యేదియు ఒరయక, గుట్టల నడుమ వెలసిన నగరము ఓరుగల్లు. నది లేని కొరతను చెరువులు తీర్చినవి. నేటి వరంగల్లును పత్తి బేరమునకును, తివాచీల నేతకును నెలవుగా ఎఱిగినవారికి, ఇది ఆఱేడు శతాబ్దముల క్రిందటనే గ్రంథములకెక్కిన ఊరని చెప్పవలసియున్నది.

సంస్కృతకవులకు ఇది ఏకశిలానగరము. విద్యానాథుని ప్రతాపరుద్రీయము ఈ రాజధానిలో పుట్టినదే. కాని అది అలంకారశాస్త్రము. అందు రాజు కీర్తి కనబడును గాని సంతవీథి కనబడదు. సంతవీథి కావలసినవారు క్రీడాభిరామమును తెఱువవలెను.

ఇందు మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిరువురు నగరమెల్ల కలయదిరుగుదురు. మైలసంత, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, పల్నాటివీరుల కథాగానము, ఏకవీరాదేవి గుడి, మాచల్దేవి చిత్రశాల, అన్నియు వారి కంటబడును. ఆకలిగొన్నవారికి పూటకూళ్లింట ఒక్క రూకకే సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, నెయ్యి మొదలగువానితో భోజనము దొరకునట. శృంగారము పాలు మిక్కుటమగుటచే ఈ కావ్యమును పిల్లల చేతికీయ వెనుదీయువారు కలరు. అయినను సామాన్యజనుల దినచర్యను ఇంత దగ్గఱగా చూపిన తెనుగు గ్రంథము మఱియొకటి అరుదు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు వశమయ్యెను. ప్రతాపరుద్రుడు బందీగా పోవుచు త్రోవలోనే మరణించెను. క్రీడాభిరామము ఆ పిమ్మట చాలకాలమునకు వెలసినది. కర్త వినుకొండ వల్లభరాయడనియు, కాదు శ్రీనాథుడేయనియు పండితులు వాదులాడిరి. మఱి కవి చూపినది కన్న నగరమా, విన్న నగరమా? రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామమను సంస్కృతరూపకము దీనికి మూలమనుట ఒక సమాధానము. రూకకు భోజనమనునది కవి నాటి ధర యైనను కావచ్చును; గుడుల పేర్లు, వాడల పేర్లు మాత్రము ఉత్తినే పుట్టవు.

శత్రుపక్షపు సాక్ష్యము ఇచట అక్కఱకు వచ్చుచున్నది. మాలిక్ కాఫూరు 1310లో చేసిన ముట్టడిని వర్ణించుచు ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో, వెలుపలి మట్టికోట గట్టిదనమును, లోపలి రాతికోటను చెప్పినాడు. ఓడించినవారి గొప్ప పెరుగవలెనన్న కోట గొప్పదిగా ఉండవలెను గదా! అట్లని అది కట్టుకథ కాదు. ఆ రెండు ప్రాకారముల ఆనవాళ్లును నేటికిని చూడవచ్చును.

ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము నగరమునందలి ఇండ్లను వృత్తులవారీగా లెక్కించును. ఆ అంకెలను కరణము చిట్టాగా నమ్మరాదు. కాని ఏయే పనివారుండిరో ఎఱుగుటకు ఉపకరించును. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇట్టి గ్రంథములనుండియే జనుల బ్రదుకును ఏర్చి కూర్చిరి. పాల్కురికి సోమనాథుని కావ్యములోని వస్త్రముల పట్టిక చదివిన, నాటి నేతగాండ్ర నేర్పు తెలియును.

ఆ నేత రాజ్యముతో పోలేదు. ఇచటి తివాచీలు 1851 నాటి లండను మహాప్రదర్శనమునకు వెడలినవి. 1934లో నెలకొనిన ఆజంజాహీ మిల్లు వేలమందికి కూడుపెట్టి 2002లో మూతవడెను. చేతిమగ్గపు జంబుఖానాలు మాత్రము నిలిచినవి. 2018లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది.