‘అబాలిషన్’: పదార్థ పరిణామం, తెలుగు అనువాదం

ఆంగ్లంలోని ‘అబాలిషన్’ అనే పదానికి తెలుగు చరిత్ర రచనలలో ‘నిర్మూలన’ అనే మాట స్థిరపడింది. నిర్మూలన అంటే వేళ్ళతో సహా పెకలించడం. ఆంగ్లపదానికి అంత తీవ్రార్థం లేదు. అమలులో ఉన్న చట్టాన్నో వ్యవస్థనో అధికారికంగా రద్దు చేయడమే దాని ప్రధానార్థం.

1787లో లండన్‌లో ఏర్పడిన సంఘం పేరులో ఈ పదం ఉంది. అయితే ఆ సంఘం రద్దు చేయదలచినది బానిసత్వాన్ని కాదు, బానిసల వ్యాపారాన్ని. 1807 చట్టంతో ఆ వ్యాపారం నిషిద్ధమైనా, కరేబియన్ చెరకు తోటలలోని బానిసలు బానిసలుగానే మిగిలారు. 1823లో ఏర్పడిన మరొక సంఘం బానిసత్వం పైనే దృష్టి పెట్టింది గాని, ‘క్రమంగా’ అనే విశేషణాన్ని తన పేరులోనే చేర్చుకుంది.

అమెరికాలో ఈ పదం పదునెక్కింది. 1831లో ‘లిబరేటర్’ పత్రికను ప్రారంభించిన విలియం లాయిడ్ గారిసన్, యజమానులకు పరిహారం చెల్లించకుండా బానిసలను తక్షణమే విముక్తులను చేయాలన్నాడు. క్రమంగా ‘అబాలిషనిస్టు’ అంటే తక్షణ విముక్తివాది అనే అర్థం బలపడింది. ప్రత్యర్థుల నోట అది తిట్టు కూడా. ‘యాంటీస్లేవరీ’ ఇంతకంటే విశాలమైన పదం. 1860 నాటి అబ్రహాం లింకన్ ఈ రెండవ కోవకు చెందినవాడు. బానిసత్వం కొత్త భూభాగాలకు వ్యాపించరాదన్నాడు గాని, అప్పటికే అది ఉన్న రాష్ట్రాలలో జోక్యం చేసుకోనన్నాడు. గారిసన్‌నూ ఆనాటి లింకన్‌నూ ‘బానిసత్వ నిర్మూలనవాదులు’ అని ఒకే గాటన కడితే, వారి మధ్య ఉన్న వివాదమే తెలుగు పాఠకునికి కనబడకుండా పోతుంది.

ఈ అనువాద సమస్య తెలుగు ప్రాంతపు చరిత్రనూ తాకుతుంది. 1833 నాటి బ్రిటిష్ బానిసత్వ రద్దు చట్టం ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలను మినహాయించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు కంపెనీవారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. వాటికీ వర్తించిన 1843 నాటి 5వ చట్టం, బానిసపై యజమానికి గల హక్కును న్యాయస్థానాలు అమలు చేయరాదన్నది. బానిసలను విడిచిపెట్టమని యజమానులను ఆదేశించలేదు. దీనిని ‘నిర్మూలన’ అనడం కంటే ‘హక్కు నిరాకరణ’ అనడమే సమంజసం.

అప్పుకింద మనిషిని చాకిరీకి కట్టివేసే పద్ధతి ఆ తరువాతా కొనసాగింది. నిజాం రాజ్యంలో అటువంటి వ్యక్తిని ‘భాగేలా’ అనేవారు. 1976లో కేంద్ర ప్రభుత్వం చేసిన చట్టం పేరులోనూ ‘అబాలిషన్’ ఉంది. తెలుగులో దానిని ‘వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం’ అంటున్నారు. ఇక్కడ చిక్కు రెండు వైపులా ఉంది. తెలంగాణలో వెట్టి అంటే దొరలకూ అధికారులకూ కూలి లేకుండా చేయవలసివచ్చిన పని. దానికి అప్పు ఉండనక్కరలేదు.