ఆడపిల్లకి కత్తెందుకు?

మన కోనసీమలో కత్తిపీట లేని వంటిల్లు ఉండేది కాదు. కంద చెక్కినా, చేప కోసినా, కొబ్బరి కోరినా ఆ చేయి ఆడదానిదే. అయినా కత్తిని ఒక విద్యగా, ఒక ఆటగా ఆడపిల్ల చేతికి ఇవ్వడానికి మాత్రం లోకం చాలా కాలం తీసుకుంది. నేను చెప్పబోయేది ఫెన్సింగ్ గురించి. ఫెన్సింగ్ అంటే మావైపు చాలామందికి కొబ్బరితోట చుట్టూ వేసే ఇనప కంచే గుర్తొస్తుంది. ఇది ఆ ఫెన్సింగ్ కాదండీ, కత్తి ఆట.

ఇంగ్లండులో దీన్ని బడి పిల్లల చదువులోకి తెచ్చినవాళ్లలో డొమెనికో ఆంజెలో పేరు ముందు చెప్పాలి. ఆయన ఇటలీలో లివొర్నో అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. లండన్ వచ్చి కత్తిసాము బడి పెట్టి, 1763లో దాని మీద ఒక పెద్ద పుస్తకం కూడా అచ్చు వేయించాడు. జమీందార్ల పిల్లలు చదివే ఈటన్ లాంటి బోర్డింగ్ స్కూళ్లలో కత్తి నేర్పించాడు. అప్పటిదాకా కత్తి యుద్ధానికీ, పంతాలకీ పనికొచ్చేది. ఆంజెలో దాన్ని ఆరోగ్యానికీ, నడకకీ, నిలబడే తీరుకీ పనికొచ్చే విద్యగా మార్చాడు. మన ఇళ్లలో పిల్లలకి సంగీతం, నాట్యం చెప్పించినట్టు వాళ్లు మగపిల్లలకి కత్తిసాము చెప్పించారు. జీతాలు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే అది దక్కింది.

మన దగ్గర ఈ విద్యే లేదనుకోకండి. మా రామచంద్రపురం నుంచి కోటిపల్లి వెళ్లి, రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్నుంచి అమలాపురం. దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. వాహనాల ఊరేగింపు ముందు కత్తులూ కర్రలూ తిప్పుతూ కుర్రాళ్లు చేసే విన్యాసాలవి. కొంకాపల్లిలో 1856లో అబ్బిరెడ్డి రామదాసుగారు దీన్ని మొదలుపెట్టారని అక్కడివాళ్లు చెప్తారు. ఈటన్ పిల్లల్లా జీతం కట్టి నేర్చుకున్న విద్య కాదిది. పేటలో పెద్దవాళ్లు నేర్పితే పిల్లలు పట్టుకున్నది. కానీ ఒక్క విషయంలో ఈటనూ కొంకాపల్లీ ఒకటే. కత్తి తిప్పింది మగపిల్లలు, అరుగుల మీద నిలబడి చూసింది మనం.

ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ 1896లో మొదటి ఆటల నుంచే ఉంది. ఆడవాళ్లని రానిచ్చింది మాత్రం 1924లో. అదీ ఒక్క ఫాయిల్‌లోనే. ఈ ఆటలో మూడు రకాల కత్తులుంటాయి. ఫాయిల్ తేలికది, మొనతో ఛాతీకీ కడుపుకీ వీపుకీ మాత్రమే తగిలించాలి. ఎపీ బరువైనది, ఒంట్లో ఎక్కడ తగిలినా పాయింటే. సేబర్ గుర్రపు సైనికుల కత్తి, మొనతో పొడవచ్చు, అంచుతో కొట్టవచ్చు, గురి మాత్రం నడుం పైభాగమే. ఆడవాళ్లకి ఎపీ 1996లో వచ్చింది, సేబర్ 2004లో వచ్చింది. తేలిక కత్తి దగ్గర్నుంచి సేబర్ దాకా రావడానికి 80 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ తేలిక కత్తితోనే పేరు తెచ్చుకున్న ఇద్దరి గురించి చెప్పాలి. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ అమ్మాయి జూడీ గిన్నెస్ బంగారు పతకం కోసం ఆస్ట్రియా అమ్మాయి ఎలెన్ ప్రైస్‌తో తలపడింది. అప్పట్లో కరెంటు దీపాలు లేవు, తగిలిందో లేదో న్యాయనిర్ణేతలు కళ్లతో చూసి చెప్పేవారు. తనకి రెండు దెబ్బలు తగిలాయి, మీరు చూడలేదని జూడీయే వాళ్లకి చెప్పింది. బంగారం పోయింది, వెండి మిగిలింది. పిల్లలకి ఆటలెందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెప్తాను.

రెండో ఆమె గిలియన్ షీన్. నార్త్ ఫోర్‌లాండ్ లాడ్జ్ అనే ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో చదువుకుంటూ కత్తి పట్టుకుంది. పెద్దయి పళ్ల డాక్టరయింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చింది. ఫెన్సింగ్‌లో బ్రిటన్‌కి ఇప్పటికీ ఉన్న బంగారం అదొక్కటే. అన్నేళ్లు మగపిల్లలకి నేర్పించిన దేశానికి ఆ ఒక్క బంగారం తెచ్చింది ఆడపిల్ల!

ఇక మన అమ్మాయి దగ్గరికి వస్తాను. కార్తీకమాసంలో ద్రాక్షారామం భీమేశ్వరుణ్ని చూసి, అదే రోజు సామర్లకోట భీమేశ్వరుణ్ని చూసి రావడం మా ఇంట్లో అలవాటు. ఆ సామర్లకోటలో పుట్టి పెరిగి, చెన్నై వెళ్లి స్థిరపడిన ఒక పురోహితుడి కూతురే భవానీదేవి. తల్లి రమణిగారు మనలాగే గృహిణి.

2004లో, అంటే ఆడవాళ్లకి సేబర్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఏడాదే, భవాని చెన్నైలో బళ్లో ఫెన్సింగ్‌లో చేరింది. ఇష్టపడి కాదు, మిగతా ఆటల్లో ఖాళీలు నిండిపోయి ఇదొక్కటే మిగిలింది. ఇది ఖరీదైన ఆట, మీ నాన్నగారి సంపాదనెంత అని అడిగితే, ఉన్నదానికంటే ఎక్కువ చెప్పానని ఆమే తర్వాత చెప్పుకుంది. కత్తి విరిగితే మళ్లీ కొనలేరు కాబట్టి సాధన వెదురుకర్రలతో చేసేవారు, అసలు కత్తి పోటీలకే తీసేవారు. ఖర్చుల కోసం వాళ్లమ్మ నగలు తాకట్టు పెట్టారు.

14 ఏళ్లకి మొదటిసారి విదేశీ పోటీకి టర్కీ వెళ్తే, 3 నిమిషాలు ఆలస్యమైందని నల్లకార్డు చూపించి బయటికి పంపేశారు. పదో తరగతి తర్వాత కేరళలో తలస్సేరి స్పోర్ట్స్ హాస్టల్లో చేరింది. ఆ తర్వాత శిక్షణకి ఇటలీ వెళ్లింది. ఏ ఊరనుకున్నారు? లివొర్నో! ఆంజెలో పుట్టిన ఊరే.

2021 జులై 26న టోక్యోలో, ఒలింపిక్స్‌లో కత్తి పట్టిన మొదటి భారతీయురాలయింది. మొదటి ఆట 15-3తో గెలిచింది, రెండోది 7-15తో ఓడింది. 2023 ఆసియా పోటీల్లో ప్రపంచ ఛాంపియన్, జపాన్ అమ్మాయి మిసాకి ఎమురాని 15-10తో ఓడించి కంచు పతకం తెచ్చింది. ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం.

ఇదంతా ఎందుకు చదివానంటే, ఏడో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయి ఫెన్సింగ్‌లో చేరతానంటోంది. "మొహం మీద గాటు పడితే రేపు పెళ్లెలా అవుతుందే" అంటారు మా అత్తయ్యగారు. ఆవిడ భయం ఆవిడది. మొహానికి ఇనప జాలీ ముసుగు, ఒంటికి దళసరి కోటు, చేతికి తొడుగు ఉంటాయని, దెబ్బ తగిలితే దీపం వెలుగుతుందని ఫోన్లో వీడియో చూపించాను. కాసేపు చూసి, "ఆ పిల్ల ఎంత బాగా దూకుతోందే" అన్నారు. మావారి ప్రశ్న వేరు. "రేపు సెలెక్టయితే హాస్టలుకి పంపుతావా? అంత ఖర్చు పెట్టగలమా?" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు.

ఒకటి మాత్రం తెలుసు. గిలియన్ షీన్‌కి కత్తి ఇవ్వడానికి బోర్డింగ్ స్కూలు ఉంది. భవానీదేవికి అమ్మ మెళ్లో నగలు ఉన్నాయి. మా అమ్మాయికి ప్రస్తుతం బళ్లో మాస్టారున్నారు, నా దగ్గర నెలనెలా చీటీ కట్టే డబ్బులున్నాయి. పతకాల లెక్క తర్వాత చూద్దాం. తగిలిన దెబ్బని తగిలిందని జూడీలా చెప్పగలిగితే నాకు అదే పదివేలు. సోమవారం ఫారం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. హాస్టలు మాట వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. ఈలోగా మీలో ఎవరైనా ఆడపిల్లని స్పోర్ట్స్ హాస్టలుకి పంపి ఉంటే, మొదటి నెల ఎలా గడిచిందో నాకు చెప్పండి. పిల్లకి కాదు, మీకు.