తీగకు గుచ్చిన ఊరు

1905 నాటి మద్రాసు మౌంట్ రోడ్డును చూడాలంటే ఈ రోజుకీ కష్టం లేదు. హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం, వీలే అండ్ క్లైన్ ఫొటో స్టూడియో వంటి సంస్థలు ఆ నగరం వీధుల్ని, గోపురాల్ని, సముద్రపు ఒడ్డును బొమ్మకార్డులుగా వేయించి అమ్మాయి. ఆ కాలపు కార్డులు చాలావరకు జర్మనీ అచ్చుయంత్రాల మీద తయారై ఓడల్లో వచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది గానీ అప్పటికే పడిన కార్డులు లోకమంతా తిరిగాయి. వాటిని పోగుచేసిన ఒమర్ ఖాన్ 2018లో ‘పేపర్ జ్యువెల్స్’ అనే పెద్ద పుస్తకం తెచ్చారు. అదే ఏడాది లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో మద్రాసు, బెంగళూరు బొమ్మకార్డులనే ఆధారంగా చేసుకుని ఆ నగరాల చరిత్ర చెప్పే ప్రదర్శన జరిగింది.

మరి ఏలూరు సంగతేమిటి? తాడేపల్లిగూడెం సంగతేమిటి? బొమ్మకార్డు వేసేవాడు కొనేవాడున్న చోటికే వెళ్లాడు. దొరలు కాపురముండే మద్రాసు, ఎండాకాలం వాళ్లు చేరే ఊటీ, దండు ఉన్న బెంగళూరు అతనికి గిరాకీ. రెండు కాలువలు కలిసే ఏలూరు, బియ్యం బస్తాలు దిగే గూడెం అతని లెక్కలోకి రాలేదు. అందుకని మనకు గతం లేదనుకుంటే పొరపాటు. మనది బొమ్మ ఉన్న కార్డు కాదు, రాత ఉన్న కార్డు. ఇళ్లల్లో దూలానికో గోడ మేకుకో వేలాడే ఇనుప తీగకు, వంపు తిరిగిన కొసతో, ఏళ్ల తరబడి గుచ్చుకుంటూ పోయిన ఉత్తరాల దొంతర. మన ఊళ్ల చరిత్ర అక్కడుంది. పాత ఇల్లు పడగొట్టిన రోజున అది చెత్తబండి ఎక్కుతోంది.

రాత కార్డే మేలని నేను అనడానికి ఇంకో కారణం ఉంది. బొమ్మకార్డు మీద మనుషులకు పేర్లుండవు. నీళ్లు మోసే ఆడమనిషి, బట్టలుతికే చాకలి, బండి తోలేవాడు అంటూ కింద ఇంగ్లీషులో ఒక ముక్క అచ్చేసి, మనిషిని నమూనాగా చూపించి ఊరుకుంటుంది. కానీ ఉత్తరం కార్డు మీద పంపినవాడి పేరుంది, అందుకున్నవాడి పేరుంది, ఇంటిపేరుంది, వీధి ఉంది, తారీఖుంది.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. ధర పావు అణా. కవరులో పెట్టే ఉత్తరానికి అర్ధణా అయ్యే రోజుల్లో అందులో సగానికే కబురు అందే సాధనం అది. 1922లో కార్డు కూడా అర్ధణా అయింది. తారీఖు చెరిగిపోయిన కార్డు చేతికొస్తే ముందు ధర చూడాలి, తర్వాత దాని మీది తల చూడాలి. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, ఇద్దరు జార్జిలు వరసగా వచ్చి వెళ్లాక 1949 చివర త్రిమూర్తి బొమ్మతో స్వతంత్ర దేశపు కార్డు మొదలైంది. ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి ఉత్తరం. ఏలూరుకు 534001, గూడేనికి 534101, కొల్లేటి సరస్సు అవతలి ఒడ్డున కైకలూరుకు 521333. ఒకే సరస్సు, రెండు ఒడ్లకు రెండు వరసల అంకెలు.

ఆ రెండు వరసల వెనక ఒక కథ ఉంది. పాత కార్డుల చిరునామాలు వరసగా పెట్టుకుంటే అది దానంతటదే బయటపడుతుంది. తపాలా ముద్రలో ఏలూరు పేరు ‘ఎల్లోర్’ అని పడేది. ఊరు అదే, ముద్ర అదే, కింద రాసే జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. 1904కు ముందు ఏలూరు గోదావరి జిల్లాలోది, కలెక్టరు ఉండేది కాకినాడలో. 1904లో ఏలూరును, దాంతోపాటు తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాల్నీ తెచ్చి కృష్ణా జిల్లాలో కలిపారు. అప్పటినుంచి దావా పనులకూ అర్జీలకూ ఏలూరు వాళ్లు ముఖం తూర్పునుంచి తిప్పి దక్షిణాన బందరు వైపు పెట్టారు. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరే ముఖ్యపట్నమైంది. అంతవరకూ ఊళ్లోంచి బయటికి పోయిన అర్జీ కాగితాలు, చుట్టుపక్కల పల్లెలనుంచి ఊళ్లోకి రావడం మొదలైంది. వకీళ్లు, గుమాస్తాలు, హోటళ్లు, అద్దె గదులు, హాస్టళ్లలో చదువుకునే పిల్లలు, వాళ్లు డబ్బు పంపమని ఇంటికి రాసే కార్డులు... ఒక ఊరు పట్నంగా మారడం అంటే ఇదే. గెజిటీరులో అది ఒక్క వాక్యం. ఉత్తరాల తీగ మీద అది ఒక తరం జీవితం.

ఇంకా విశేషం ఏమంటే, 2022 ఏప్రిల్ 4న కొత్త ఏలూరు జిల్లా వచ్చినప్పుడు కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి విడివడి ఏలూరుతో చేరింది. 1904 నుంచి 1925 వరకూ ఇవి రెండూ ఒకే జిల్లాలో ఉన్నవే. దాదాపు నూరేళ్ల తర్వాత కొల్లేటి రెండు ఒడ్లూ మళ్లీ ఒక కలెక్టరు కిందికి వచ్చాయి. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది.

చిరునామా నుంచి సంబోధనకు వద్దాం. నా మటుకు నాకు అన్నిటికంటే విలువైన వరస ఇదే. మగవాడైతే మహారాజశ్రీ, వైదికుడైతే బ్రహ్మశ్రీ వేదమూర్తులు, చిన్నవాడైతే చిరంజీవి. ఆడమనిషికి ఆమె భర్త ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి సంబోధన. ఉంటే చి.ల.సౌ., పోతే గంగాభాగీరథీ సమానురాలు. ఆ మాట ఆమె చేతిదాకా వచ్చేలోపు పోస్టుమాస్టరు చూసేవాడు, టపా సంచీ మోసేవాడు చూసేవాడు, వీధి అరుగు మీద చదివి వినిపించిన పిల్లవాడు చూసేవాడు. ఒక స్త్రీ వైధవ్యాన్ని ఊరంతా చదివేలా చిరునామాలోనే రాయడం మర్యాదగా చెలామణీ అయింది. అదే ఇంటి తీగ మీద పై కార్డుల్లోకి వచ్చేసరికి ‘శ్రీమతి’ మొదలవుతుంది. ఇంకొంచెం పైన, భర్త పేరు లేకుండా, కేరాఫ్ లేకుండా, ఆమె పేరే చిరునామాగా ఉన్న కార్డు వస్తుంది. టీచరుగానో నర్సుగానో ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్ల ఆ ఇంట్లో ఎవరో ఆ కార్డే చెబుతుంది. ఈ మార్పు ఏ వీధిలో ఏ ఏడాది వచ్చిందో తేల్చగల ఆధారం మనకు ఇంకొకటి దొరకదు.

అయితే తీగ అన్నీ చెప్పదు. పెళ్లి కబురు కార్డుకు మూలల పసుపు రాసి పంపేవారు, దాన్ని దాచుకునేవారు. చావు కబురు మోసుకొచ్చిన కార్డును గుమ్మంలోనే చదివి చించేసేవారు. అది ఇంట్లో ఉండటం అశుభం. కాబట్టి పాత దొంతర ఏది విప్పినా పుట్టుకలు, బారసాలలు, నిశ్చయాలు, గృహప్రవేశాలే కనిపిస్తాయి. కలరా వచ్చిన ఏడాది కూడా ఆ దొంతరలో సుఖంగానే గడిచినట్టుంటుంది. దీన్ని చదవడానికి ఒక దారి ఉంది. నెలకు రెండు ఉత్తరాలు రాసే చెయ్యి ఏ నెలలో ఆగిపోయిందో చూడాలి. తర్వాత అదే ఊరినుంచి వేరే చేతిరాత ఎప్పుడు మొదలైందో చూడాలి. ఆ రెంటి మధ్య ఖాళీయే చించేసిన కార్డు.

వ్యాపారుల కార్డులు వేరే లోకం. అవి గుమాస్తా చేతిరాతలు, కాపీయింగ్ పెన్సిలు ఊదా రంగు, పైన శుభం లాభం. తంగెళ్లమూడి తివాచీ, జూట్ మిల్లు గోనె, ఏలూరు బియ్యం, గూడెం బెల్లం, ఉల్లి అన్నీ వీటిమీద నడిచాయి. 1893లో బెజవాడ నుంచి తూర్పుకు రైలు మార్గం పడేదాకా సరుకుకు కాలువ పడవలే దిక్కు. విజ్జేశ్వరం నుంచి గోదావరి కాలువ, బెజవాడ నుంచి కృష్ణా కాలువ వచ్చి ఏలూరులో కలవడం వల్ల లాకుల దగ్గర పడవ ఆగినంతసేపు వ్యాపారం కూడా ఆగేది. పాత రోజుల్లో కార్డు బయల్దేరిన చోట ఒక ముద్ర, చేరిన చోట ఇంకో ముద్ర వేసేవారు. ఆ రెండు తారీఖుల మధ్య తేడా చూస్తే చాలు, కబురు ఎంత వేగంగా నడిచిందో తెలిసిపోతుంది. రైలొచ్చాక గూడెం ఎందుకు అంత తొందరగా ఎదిగిందో కూడా తెలుస్తుంది.

గూడేనికి ఇంకో అధ్యాయం ఉంది, అది కార్డుల్లో కనిపించదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. యుద్ధంలో ఉన్న సైనికుల ఉత్తరాలు ఊరి పేరు చెప్పకూడదు. ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే చిరునామా. రన్‌వే మాత్రం ఊరు మరచిపోలేదు. 2015లో మొదలైన నిట్ ప్రాంగణానికి ఆ విమానాశ్రయం భూముల్లోనే చోటిచ్చారు.

కొల్లేటి లంకలకు ఉత్తరం చేరడం అంటే పోస్టుమాన్ పడవెక్కడం. కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కోమటిలంక, పైడిచింతపాడు, శృంగవరప్పాడు అంటూ ఆ ఊళ్ల పేర్లు చదువుతుంటేనే నీటి చప్పుడు వినిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగి వచ్చి పడతాయి, బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కాబట్టి లంకనుంచి వచ్చే కార్డులో మనుషుల క్షేమం కంటే ముందు నీటిమట్టం ఉంటుంది. సార్వా మునిగిందా, దాళ్వాకు నీరు తీసిందా, పశువుల్ని మెరకకు తోలారా, ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు చుట్టాలు వచ్చే దారి ఉందా. అధికారుల లెక్కల్లో కొల్లేరు అంటే కాంటూరు అంకెలు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అన్నారు, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చారు. 1970ల నడుమ చెరువులు తవ్వడం మొదలుకాకముందు ఏ నెలలో నీరు ఎక్కడిదాకా ఉండేదన్నది ఈ రోజుకీ వాదనే. తారీఖు, ఊరి పేరు, నీటి కబురు మూడూ ఒకేచోట ఉన్న కాగితం ఆ వాదనలో సాక్ష్యానికి పనికొస్తుంది. ఒక్క కార్డు కాదు, వందల కార్డులు పక్కపక్కన పెడితే.

1948లో విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక ఈ పల్లెలనుంచి రేడియోకు వెళ్లిన కార్డులు మరో సంపద. కోరిన పాట పేరు, కింద నలుగురు స్నేహితుల పేర్లు, ఊరు. ఆ పేర్లు గాలిలో వినిపించిన రోజు ఆ నలుగురికీ పండగ.

పెదవేగిలో దొరికిన శాలంకాయనుల రాగి శాసనాల గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ శాసనం రాజుది, భూమి ఇచ్చినవాడిది. కార్డు అందరిదీ. దాన్ని కాపాడటానికి తవ్వకాలు అక్కర్లేదు. తీగ తుప్పు పట్టి కాగితాన్ని తింటుంది కాబట్టి ముందు తీగనుంచి తియ్యాలి, ఏ వరసలో ఉన్నాయో ఆ వరస చెడకుండా తియ్యాలి. గమ్ముతో ఆల్బమ్‌లో అతికించకూడదు, లామినేషన్ అసలు చేయించకూడదు. స్కాన్ చేసేటప్పుడు రెండు వైపులా చెయ్యాలి, ముద్రలున్న వైపు ముఖ్యంగా. కొన్న ఇంటి అటకమీద దొరికినవైతే పాత కుటుంబానికి కబురు పెట్టాలి, వాళ్లు వద్దంటే జిల్లా గ్రంథాలయంలో అడగాలి. మాటల మధ్య ఖాళీ వదలని ఆ గొలుసుకట్టు రాతను చదవగలిగిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ల పక్కన కూర్చుని ఒక్కొక్క కార్డూ చదివించుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి, ఆ వివరం పెన్సిలుతో రాసి పెట్టండి. రాసేది మాత్రం కార్డు మీద కాదు, దాన్ని పెట్టే కవరు మీద.