ఏది హాలీ?
(ప్రసంగపాఠం)

పత్తర్‌గట్టి రాతి కమానుల క్రింద ముత్యాల వర్తకం చేసే మిత్రుడొకరు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగినారు. వారి మూడు దుకాణాల బిల్లులు, సరుకు లెక్కలు, బాకీలు అన్నీ ఒక్క సర్వరుమీదనే నడుస్తున్నవి. "దానిలో ఉన్న ఆపరేటింగ్ సిస్టంకు ఆయువు తీరబోతున్నదట. కొత్త రూపం నిన్నగాక మొన్న వెలువడినదట. ఏది వేయించమంటారు?" అన్నారు. నేను యంత్రశాస్త్రం చదివినవాడను కాను, చరిత్ర చదివినవాడను. అందుచేత వారి గల్లాపెట్టె అడుగున తాతగారినాటినుండి పడి ఉన్న వెండి నాణెం ఒకటి తీయించి, నా సమాధానాన్ని అక్కడినుండి ప్రారంభించినాను.

ఆ నాణెంమీద చార్మినారు బొమ్మ ఉన్నది. దానిని హాలీ సిక్కా అనేవారు. హాలీ అనగా ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైనది. అయినను ఆ నాణెం ఆ మరునాడే చెల్లకుండా పోలేదు. 1950లో భారత రూపాయి దానిప్రక్కన ప్రవేశించినది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలని మారకం నిర్ణయించినారు. 1951లో కొత్తగా హాలీ జారీచేయుట ఆగినది. అయితే దాని చెల్లుబాటు పూర్తిగా రద్దయినది 1959లో. ఇంచుమించు తొమ్మిది సంవత్సరాలు పాతదీ కొత్తదీ ఒకే బజారులో తిరిగినవన్న మాట.

ఇట్లు ఎందుకు జరగవలెను? జీతాలు, అద్దెలు, అప్పుపత్రాలు అన్నీ హాలీలో వ్రాసి ఉండగా, ఒక్క రాత్రిలో కొలబద్ద మార్చినచో నష్టపోయేది సామాన్యుడే. అందుచేత కొత్తది వచ్చుట, పాతది జారీ మానుట, పాతది చెల్లకపోవుట అనే మూడు ఘట్టాలను వేరువేరుగా ఉంచినారు. ఆపరేటింగ్ సిస్టం జీవితంలోను సరిగా ఈ మూడు ఘట్టాలే ఉన్నవి. వాటిని ఒకదానితో ఒకటి కలిపివేసుకొనుటవల్లనే మనకు తికమక కలుగుతున్నది.

ఆపరేటింగ్ సిస్టం అనగా కంప్యూటరులోని యంత్రభాగాలకును, మనం వాడే లెక్కల ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడిపించే మూలవ్యవస్థ. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారు యూనిక్సుకు అంకురార్పణ చేసినారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించినాడు. లోకమంతటినుండి కార్యకర్తలు దినదినం మార్పులు పంపుతూ ఉండగా, ఏది ప్రయోగం, ఏది వ్యవహారయోగ్యం అని తెలియుట ఎట్లు? లినక్సువారు మొదట ఒక సులువైన గుర్తు పెట్టుకున్నారు. 2.4వలె రెండవ అంకె సరిసంఖ్య అయినచో నిలకడగలది, 2.5వలె బేసిసంఖ్య అయినచో ప్రయోగదశలోనిది. 2003లో 2.6 వెలువడిన తరువాత ఈ పద్ధతి విడిచిపెట్టినారు.

1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే లినక్సు కూర్పు ఈ విభజనను ఇంకా స్పష్టంగా పాటించినది. దానిలో మూడు శాఖలున్నవి: స్థిరమైనది, పరీక్షలో ఉన్నది, అస్థిరమైనది. అస్థిరశాఖ పేరు సిడ్. ఒక చలనచిత్రంలో ఆటబొమ్మలను విరగగొట్టే పిల్లవాని పేరది! మన సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు కూడ ఈ డెబియన్ పునాదిమీద కట్టినదే.

ఇక్కడ ఒక మాట గ్రహించవలెను. స్థిరమైనది అనగా దోషం లేనిది అని కాదు, మారనిది అని అర్థం. దోషం బయటపడినప్పుడు ఆ ఒక్క దోషాన్ని మాత్రమే సవరించి, తక్కినదంతా ఎప్పటివలెనే ఉంచుతారు. పాత ఇంటి గోడలో పగులు పూడ్చుటకు ఇల్లంతా కూల్చనక్కరలేదు గదా! అందుచేతనే పైకి పాత అంకె కనబడినను లోపల సవరణలు తాజాగా ఉండవచ్చును. అయితే ఈ మరమ్మతుకు గడువున్నది. ఉబుంటు దీర్ఘకాలపు కూర్పులు రెండేండ్లకొకటి వెలువడి, ఒక్కొక్కటి ఐదేండ్లు సవరణలు పొందుతవి. రెడ్‌హాట్ సంస్థవారి కూర్పులకు పదేండ్లు.

గడువు తీరినదానిని పట్టుకొని ఉండుట ఎంతటి ముప్పో 2017 మే 12న ప్రపంచానికి తెలిసినది. వానాక్రై అనే దుష్టప్రోగ్రాము ఒక్కసారిగా విజృంభించి బ్రిటనులో వైద్యశాలలను స్తంభింపజేసినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దానిలో చిక్కుకున్నవి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిలులోనే గడువు తీరియుండెను. కాని బాధితులలో అత్యధికులు అప్పటికి గడువు తీరని విండోస్ 7 వాడుతున్నవారు! దానికి సవరణ మార్చిలోనే వెలువడినది, వారు వేసుకొనలేదు. మంచి రూపాన్ని ఎన్నుకొనుట సగం పని మాత్రమే.

ప్రకటించిన గడువైనను ఎల్లప్పుడు నిలుస్తుందా? సెంటాస్ 8 అనే కూర్పు 2029వరకు ఉంటుందని నమ్మి ఎందరో దానిని స్థాపించుకున్నారు. 2020 డిసెంబరు 8న ఆ గడువును 2021 డిసెంబరు 31కి కుదించినారు. మరుసటి సంవత్సరం వెలువడిన ఆల్మా, రాకీ అనే కూర్పులు ఆ వాడుకదారులకు ఆశ్రయమిచ్చినవి. కనుక ఎన్నుకున్నదానినుండి బయటపడే దారి కూడ ముందే చూచుకొనవలెను.

నా మిత్రునికి చివరకు ఇట్లు చెప్పినాను. ఈ వారం వెలువడినదానిని ఈ వారమే వేయవద్దు. మొదటి విడత సవరణలు రానీయండి. కాని పాతదాని గడువు దాటిపోనీయవద్దు. మీ లెక్కల ప్రోగ్రాము తయారుచేసినవారు ఏ రూపాన్ని ఆమోదించినారో అడగండి. గడువు ఆ సర్వరు జీవితకాలంకంటె ఎక్కువ ఉన్నదానిని కోరుకొనండి. లెక్కలకు నకలు తీయండి. తీసి ఊరకుండక, ఆ నకలునుండి లెక్కలు తిరిగి వస్తున్నవో లేదో చూడండి. ఒక నెల పాతదానిని నడిపిస్తూనే కొత్తదానిని వేరొక యంత్రంమీద నడిపి, రెండింటి మొత్తాలు సరిచూడండి. ఆనాడు మీ తాతగారు రెండు నాణేల లెక్క సరిచూచుకున్నది ఇట్లే గదా!

మిత్రుడు కొంతసేపు ఆలోచించి, ఖాతాపుస్తకం తెరచి, తాను ఎన్నుకోబోయే కూర్పు గడువు తీరే తేదీని మొదటి పుటలో వ్రాసుకున్నారు. హాలీ సిక్కాను మళ్ళీ గల్లాపెట్టె అడుగున ఉంచినారు. వెండికి విలువ ఇంకను ఉన్నది, చెల్లుబాటు మాత్రం లేదు. ఈ రెండింటికి గల భేదం తెలిసినవానికి ఎన్నిక కష్టం కాదు.